నారకూ జిగురుకూ నడుమ

మట్టిగోడ పెట్టేవాడు అడుసులో వరిగడ్డి వేసి తొక్కుతాడు. ఒట్టి మట్టి ఎండితే బీటలు వారుతుంది. ఒట్టి గడ్డి గోడగా నిలువనే నిలువదు. రెండూ కలిసినప్పుడు గడ్డి లాగుడును ఓర్చుకుంటుంది, మట్టి ఆ గడ్డిని చెదరకుండా పట్టి ఉంచుతుంది. ఈనాడు విమానాల రెక్కలకూ, పడవలకూ, విద్యుద్యంత్రాల తీగచుట్టలకూ వాడుతున్న సంయుక్త పదార్థాల సూత్రమూ ఇదే. గడ్డికి బదులు గాజునార గాని కర్బననార గాని ఉంటుంది. మట్టికి బదులు పాలిమరుల జాతికి చెందిన రెజిన్, అనగా గట్టిపడే ఒక జిగురు ఉంటుంది. ఈ జంట పరమాణు కిరణాల ఎదుట ఏపాటి నిలుస్తుంది, ఓడినప్పుడు తప్పు నారదా జిగురుదా అనే విచారణకు డెబ్భై ఏళ్ళకు మించిన చరిత్ర ఉన్నది. తీర్పు ఒకటికి రెండు మార్లు మారినది కూడాను.

జంటలో ముందు పుట్టినది జిగురే. 1907లో లియో బేకలాండ్ అనే రసాయనికుడు ఫినాలునూ ఫార్మాల్డిహైడునూ కలిపి బేకలైటును చేశాడు. దానిలో కాగితమో, నూలుగుడ్డయో, రాతినారయో పొరలుపొరలుగా చేర్చి అదిమి విద్యుత్ పరిశ్రమకు కావలసిన పలకలను తయారు చేయడం ఆ తరువాత వాడుకలోకి వచ్చినది. సన్నని గాజునారను విరివిగా తీయడం 1930ల దశకంలో అమెరికాలో సాధ్యమైనది. ఓవెన్స్-కార్నింగ్ సంస్థ 1938లో ఏర్పడినది. అదే దశకంలో స్విట్జర్లాండులో పియర్ కాస్టాన్ ఎపాక్సీ రెజిన్‌ను కనిపెట్టాడు. కృత్రిమ దంతాల కోసమని మొదలుపెట్టిన పని అది. దంతాలకు అంతగా అక్కరకు రాలేదు గాని, 1946లో సీబా సంస్థ దానిని అరల్డైట్ పేరిట బజారుకు తెచ్చిన తరువాత లోహాన్ని లోహానికి అతికించే జిగురుగా దేశదేశాలలో దాని పేరు మారుమ్రోగినది. గాజునారను ఎపాక్సీలో ముంచి గట్టిపరచినది 1950ల దశకం నాటికి విద్యుద్బంధకాలలో మేటి అయినది.

ఈలోగా పరమాణు రియాక్టరులు వచ్చినవి. అమెరికాలోని ఓక్ రిడ్జ్ వద్ద గ్రాఫైటు రియాక్టరు 1943 నవంబరు 4వ తేదీన పనిచేయడం ఆరంభించినది. రియాక్టరు అనగానే మనకు యురేనియమూ ఉక్కూ స్ఫురిస్తవి. కాని దాని చుట్టూ తీగలకు తొడుగులు కావాలి, గొట్టాల అతుకులకు బిళ్ళలు కావాలి, పిడులు కావాలి, మీటలు కావాలి. ఇవన్నీ రబ్బరుతోనో ప్లాస్టిక్‌తోనో చేసినవే. కొన్నాళ్ళకు ఒకటి పెళుసెక్కి విరిగేది, మరొకటి మెత్తబడి కారిపోయేది. ఏది ఎంతకాలం నిలుస్తుందో తెలియనిదే ఇంజనీరుకు పని సాగదు. అందుచేత ఓక్ రిడ్జ్‌లోనే ఆస్కార్ సిస్మన్, సి. డి. బాప్ అనే ఇద్దరు ఆనాటి ప్లాస్టిక్కులను ఒక్కొక్కటిగా రియాక్టరులో ఉంచి, బయటకు తీసి, లాగి, వంచి, విరిచి, లెక్కకట్టి 1951లో ఒక నివేదికను వెలువరించారు. ఉత్త పట్టికల పుస్తకమే అయినా మన విషయానికి అది మొదటి మైలురాయి.

ఆ పట్టికలలో తేలిన ఒక సంగతి మిక్కిలి ఆసక్తికరమైనది. ఒకే బేకలైటు జాతి రెజిన్‌లో కాగితమో నూలుగుడ్డయో చేర్చిన పలక త్వరగా చెడిపోయినది. రాతినారవంటి ఖనిజ పదార్థం చేర్చినది అంతకంటె ఎన్నో రెట్లు ఎక్కువ నిలిచినది. కారణం ఊహించవచ్చును. కాగితం, నూలు సెల్యులోజుతో చేసినవి. సెల్యులోజు పొడవైన గొలుసుల అల్లిక. కిరణాలు తగిలితే ఆ గొలుసులు తెగుతవి. ఖనిజానికి ఆ బాధ లేదు. కనుక నార ఖనిజమైతే చాలు, ఇక చూసుకోవలసినది జిగురునే అనే భావం స్థిరపడినది. గాజు కూడా ఖనిజమే గదా! ఈ భావంలో ఎంత నిజమున్నదో అంత పొరపాటూ ఉన్నది. ఆ పొరపాటు బయటపడడానికి మూడు దశాబ్దాలు పట్టినది.

మోతాదును గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పక తప్పదు. కిలోగ్రాము పదార్థంలో ఒక జౌలు శక్తిని కిరణాలు వదలిపెట్టితే దానిని ఒక గ్రే అంటారు. నాలుగైదు గ్రేలు ఒక్కసారిగా దేహమంతటా తగిలితే, వైద్యం లేనప్పుడు సగంమంది మనుషులు బ్రతకరు. ఆ శక్తి కిలోగ్రాము నీటిని డిగ్రీలో వెయ్యోవంతు మాత్రమే వేడి చేయగలదు. అనగా కిరణాలు చేసే హాని వేడివల్ల కాదు, ఎన్నిక చేసి కొట్టినట్లు అణువుల బంధాలను తెంచడంవల్ల. ప్లాస్టిక్కులకు మనకంటె ఓర్పు చాలా ఎక్కువ. అయినా వాటిలోనూ తారతమ్యాలున్నవి. వంటపాత్రల పూతగా మనమెరిగిన టెఫ్లాను కొన్ని వేల గ్రేలకే నీరసిస్తుంది. మంచి ఎపాక్సీ ఒక కోటి గ్రేల మేరకు నిలుస్తుంది. కోటి గ్రేలంటే, ఆ శక్తి అంతా ఒక్కచోట చేరితే ప్రతి కిలోగ్రాము రెజిన్‌కు మూడున్నర కిలోగ్రాములకు పైగా నీటిని ఆవిరి చేయవచ్చును.

ఈ తారతమ్యానికి మూలమేమిటో 1950ల దశకం మొదటి భాగంలోనే తెలిసినది. ఇంగ్లండులో హార్వెల్ పరిశోధనాలయంలో ఆర్థర్ చార్లెస్బీ పాలిథీనును రియాక్టరులో ఉంచి చూశాడు. బయటకు తీసిన తరువాత అది కరగవలసిన వేడికి కూడా కరగలేదు. కిరణాలు తగిలి దాని గొలుసుల నడుమ అడ్డుబంధాలు ఏర్పడి అంతా ఒకే వలగా అయిపోయినది. 1952లో ఈ సంగతిని ఆయన ప్రకటించాడు. అనగా కిరణాలు తెంచడమే కాదు, ముడివేయడమూ చేస్తవి. ఏ పాలిమరులో తెగడం ఎక్కువ, దేనిలో ముడిపడడం ఎక్కువ అన్నది దాని కట్టడిని బట్టి ఉంటుందని 1954 నాటికి అమెరికాలో మిల్లరు, ఆయన సహచరులు నిరూపించారు. మరొక సంగతి కూడా అప్పటికే తెలిసినది. బెంజీను వలయాలున్న పాలిమరులు ఎక్కువ ఓర్పు గలవి. కిరణమిచ్చిన శక్తిని ఆ వలయం తనలో పంచుకుని, బంధం తెగకముందే వేడిగా వదలివేస్తుంది. పిడుగును నేలలోకి దింపే తీగ చేసే పనివంటిది ఇది.

ముడిపడడం మంచిదే గదా అని మనకు తోచవచ్చును. కొంతవరకు మంచిదే. హద్దు మీరితే వల బిగిసిపోయి, సాగే గుణం పోయి, పదార్థం అప్పడంవలె పెళుసెక్కుతుంది. తెగినా ముడిపడినా చివరకు చేరేది చేటుకే, దారులు మాత్రమే వేరు.

రియాక్టరు తరువాత ఈ ప్రశ్నను మరింత గట్టిగా అడిగినవారు కణవేగవర్ధక యంత్రాలు కట్టినవారు. జెనీవా వద్ద సెర్న్ సంస్థవారి ప్రోటాన్ సింక్రోట్రాన్ 1959 నవంబరు 24న 24 బిలియను ఎలక్ట్రాను వోల్టుల శక్తిని అందుకున్నది. అట్టి యంత్రాలలో ప్రోటానులను దారి మళ్ళించే అయస్కాంతాలు వందలకొలది ఉంటవి. వాటి తీగచుట్టలకు గాజునార నాడాలు చుట్టి రెజిన్‌తో గట్టిపరచి ఉంచుతారు. యంత్రం నడిచినంత కాలం చెదరిన కణాలు ఆ చుట్టలను కొడుతూనే ఉంటవి. సెర్న్‌వారు ఎన్నో ఏళ్ళు శ్రమించి, నమూనాలను ఎక్కువగా ఆస్ట్రియాలోని సైబర్స్‌డార్ఫ్ వద్దనున్న ఆస్ట్రా రియాక్టరులో ఉంచి పరీక్షించి, ఫలితాలను 1979 మొదలు 1982 వరకు మూడు భాగాలుగా పసుపు అట్టల పుస్తకాలలో అచ్చువేశారు. ముక్కను వంచి విరిచినప్పుడు దాని బలం మొదటిదానిలో సగానికి ఎప్పుడు పడిపోతుందో ఆ మోతాదే దాని హద్దు. లోకమంతటా ఈ కొలమానమే చెల్లుబాటైనది.

ఆ పుస్తకాలు ఇంజనీర్లకు చేసిన మేలు ఇంతింత కాదు. కాని రెండు లోపాలను మనం గుర్తించవలె. మొదటిది, పరీక్ష కొద్ది రోజులలో ముగుస్తుంది, యంత్రం ఏళ్ళ తరబడి నడుస్తుంది. గాలిలోని ఆమ్లజని మెల్లగా లోపలికి ఇంకుతూ, కిరణాలు తెంచిన గొలుసుల కొసలను పట్టుకుని వాటిని మళ్ళీ ముడిపడనీయదు. అందువల్ల నెమ్మదిగా పడిన మోతాదు వేగంగా పడిన అంతే మోతాదు కంటె ఎక్కువ చెరుపు చేయవచ్చును. తీగల తొడుగుల విషయంలో ఇది అనుభవానికి వచ్చిన మాటే. రెండవ లోపం మన విషయానికి ముఖ్యమైనది. వంచి విరిచే పరీక్షలో నార బలమూ జిగురు బలమూ కలగలిసిపోతవి. ఏది ముందు ఓడినదో తెలియదు.

తాళపత్ర గ్రంథాన్ని ఊహించుకుందాము. ఆకులన్నిటినీ కలిపి నిడుపున లాగితే ఏ బలశాలికీ అవి తెగవు. అదే గ్రంథాన్ని త్రాడు విప్పి వంచితే ఆకులు ఒకదానిపై ఒకటి జారిపోతవి. ఆకు బలానికి లోటు రాలేదు. ఆకునూ ఆకునూ కలిపి ఉంచేది లేకపోయినది. గాజునార పొరల విషయంలో కిరణాలు చేసేది సరిగా ఇదే. నమూనాను నార నిడుపున లాగి పరీక్షిస్తే, భారీ మోతాదు తరువాత కూడా బలం పెద్దగా తగ్గినట్లు కనబడదు, ఏమంటే ఆ లాగుడును మోసేది గాజు. పొరలు జారకుండా నిలిచే బలాన్ని కొలిస్తేనే గుట్టు బయటపడుతుంది. చిన్న ముక్కను రెండు కొసల దగ్గర ఆనించి నడుమ అదుముతారు. పొరల నడుమ జిగురు చెడి ఉంటే అది విరగదు, పొరలుగా విచ్చిపోతుంది. లాగుడు పరీక్షలో నెగ్గిన పదార్థమే ఈ పరీక్షలో ఘోరంగా ఓడిన సందర్భాలు ఎన్నో ఉన్నవి. ఒక్క పరీక్ష ఫలితం చూసి ఈ పదార్థం కిరణాలకు లొంగదని ప్రకటించడం ఎంత తొందరపాటో దీనివల్ల తెలుస్తుంది.

ఈ తేడా ప్రాణసమస్య అయినది పరమాణు సంలీన యంత్రాలలో. సూర్యునిలోవలె తేలిక పరమాణువులను కలిపి శక్తిని రాబట్టే ఈ యంత్రాలలో, మండే వాయువును గోడలకు తగలకుండా అయస్కాంత బలంతో గాలిలో తేల్చినట్లు నిలపాలి. పెద్ద యంత్రాలకు ఆ అయస్కాంతాలు అతివాహకపు తీగలతోనే సాధ్యం. అవి పనిచేసేది ద్రవ హీలియంతో, సున్నకు దిగువ 269 డిగ్రీల చలిలో. అంత చలిలో కిరణాలు తగిలితే రెజిన్ ఏమవుతుంది? ఓక్ రిడ్జ్‌లోనే కోల్ట్‌మన్, క్లబుండే అనే పరిశోధకులు నమూనాలను ద్రవ హీలియపు చలిలో ఉంచి కిరణాలకు గురిచేశారు. పాలిఇమైడు రెజిన్లు ఎపాక్సీలకంటె అయిదు మొదలు పది రెట్లు ఎక్కువ మోతాదు భరిస్తవని 1981లో ప్రకటించారు. చలిలో మరొక చిక్కు కూడా ఉన్నది. తెగిన బంధాలనుండి పుట్టిన ఉదజని అంత చలిలో బయటికి పోలేక రెజిన్‌లోనే చిక్కుకుంటుంది. యంత్రాన్ని మళ్ళీ వెచ్చబరచినప్పుడు ఆ వాయువు వ్యాకోచించి లోపలినుండి ఉబ్బిస్తుంది. పాలిఇమైడు మంచిదే, కాని సన్నని సందులలోకి అది ఎపాక్సీవలె సులువుగా పారదు. పెద్ద తీగచుట్టకు ఆ గుణం లేకపోతే ఎంత ఓర్పు ఉండీ ఏమి లాభం?

ఇంతవరకు నేరమంతా జిగురుమీదనే మోపినారు. గాజు నిర్దోషి అని అందరూ నమ్మినారు. 1980ల దశకంలో జపానులో ఎగుసా మొదలైనవారు, అమెరికాలో ఆర్గోన్ పరిశోధనాలయంవారు చేసిన ప్రయోగాలతో ఆ నమ్మకం సడలినది. విద్యుత్పరికరాలకు వాడే గాజునారను ఇ-గాజు అంటారు. గాజు సులువుగా కరగి సన్నని పోగులుగా సాగడానికి అందులో బోరాను ఆక్సైడు చేర్చడం వాడుక, సాధారణంగా నూటికి అయిదు మొదలు పది పాళ్ళ వరకు. రియాక్టరులో న్యూట్రానులను మ్రింగి దానిని అదుపులో ఉంచడానికి వాడే మూలకం కూడా ఈ బోరానే! ప్రకృతిలోని బోరానులో అయిదోవంతు మాత్రమే ఉండే బోరాను-10 నెమ్మది న్యూట్రానులను అమితమైన ఆకలితో పట్టుకుంటుంది. పట్టుకున్న వెంటనే అది పగిలి, ఒక ఆల్ఫా కణమూ ఒక లిథియం కేంద్రకమూ చెరొక దిక్కుకు దూసుకుపోతవి. అవి గాజులో పోగల దూరం కొద్ది మైక్రానులు మాత్రమే. గాజుపోగు లావు కూడా సుమారు పది మైక్రానులే. అందుచేత వాటిలో చాలా భాగం పోగు అంచును దాటి, పోగును అంటిపెట్టుకున్న జిగురులోనే తమ మిగిలిన శక్తిని వదలుతవి. అనగా నారకూ జిగురుకూ నడుమనున్న పట్టుమీదనే దెబ్బ పడుతుంది. కట్టుగొయ్యకు కట్టిన త్రాడును ఆ కొయ్యలో దాగిన చెదలే కొరికినట్లయినది. బోరాను లేని గాజుతో చేసిన నమూనాలు నెమ్మది న్యూట్రానులున్న చోట స్పష్టంగా మెరుగుగా నిలిచినవి. నా దృష్టిలో ఈ చరిత్ర అంతటిలో ఇంతకంటె గొప్ప ఘట్టం లేదు. మూడు దశాబ్దాల ముందు కాగితంకంటె ఖనిజం మేలన్న తీర్పు నిజమే, కాని ఏ ఖనిజం అని అడగవలసి ఉండెను.

నేరస్థుడిని పొరబడడం అంతరిక్షంలోనూ జరుగుతుంది. అమెరికావారు 1984 ఏప్రిల్‌లో ఎల్.డి.ఇ.ఎఫ్. అనే పరిశోధక ఉపగ్రహాన్ని రకరకాల నమూనాలతో ఆకాశంలో వదలినారు. సుమారు ఏడాదికి దించవలసినది, 1986లో ఛాలెంజర్ ప్రమాదం మొదలైన కారణాల చేత 1990 జనవరిలో గాని దించలేకపోయినారు. కప్పులేని కర్బననార పలకల ముందువైపు పైపొర తినివేయబడి ఉన్నది. అంతరిక్ష కిరణాలే కారణమని ఎవరికైనా తోచును. నిజానికి తినివేసినది ఆ ఎత్తులో ఒంటరిగా తిరిగే ఆమ్లజని పరమాణువు. పలుచని లోహపు పూత పూసిన పలకలు చెక్కుచెదరలేదు. చెరుపు కనబడినంత మాత్రాన అది కిరణాలదే అనరాదు.

మళ్ళీ సంలీన యంత్రానికి వద్దాము. ఫ్రాన్సు దక్షిణభాగంలో కాదరాష్ వద్ద నిర్మాణంలో ఉన్న ఐటర్ యంత్రంలో అన్నిటికంటె ముఖ్యమైన అయస్కాంతాలు పద్దెనిమిది. ఒక్కొక్కటి 17 మీటర్ల ఎత్తు, సుమారు 360 టన్నుల బరువు, అందులో ప్రవహించే విద్యుత్తు 68,000 ఆంపియర్లు. ఐరోపాలోను జపానులోను వీటిని తయారు చేశారు. తీగలకు గాజునార నాడా, పాలిఇమైడు పొరలు చుట్టి, అచ్చులో బిగించి, లోపలి గాలినంతా తోడివేసి, రెజిన్‌ను మెల్లగా ఎక్కించి, వెచ్చబెట్టి గట్టిపరుస్తారు. కొన్ని మిల్లీమీటర్ల మందమున్న ఆ పొర ఒకసారి గట్టిపడిన తరువాత దాన్ని విప్పి చూసే దారి లేదు. అయస్కాంతాలు యంత్రంలో ఒదిగిన తరువాత ఒకదానిని బయటకు తీయడమంటే యంత్రాన్నంతా విప్పడమే. పొర విచ్చితే తీగ కదలుతుంది, కదలితే వేడెక్కి అతివాహకత పోతుంది, లేదా విద్యుత్తు అడ్డదారి పట్టి చుట్టనే కాల్చివేస్తుంది. యంత్రపు జీవితకాలంలో ఆ పొర చదరపు మీటరుకు ఒకటి తరువాత ఇరవైరెండు సున్నలు వేసినన్ని వేగపు న్యూట్రానులను భరించవలెనని లెక్క తేలినది. కవచాలలో నెమ్మదించి వచ్చినవాటిని లెక్కించిన తరువాత మాట ఇది.

ఈ పరీక్ష జరిగినది వియన్నా నగరంలో, ప్రాటెర్ ఉద్యానం ప్రక్కన, 1962 మార్చిలో పనిచేయనారంభించిన ఒక చిన్న విశ్వవిద్యాలయ రియాక్టరులో. దాని శక్తి 250 కిలోవాట్లు మాత్రమే. హెరాల్డ్ వెబరు, కార్ల్ హ్యూమరు మొదలైనవారు అక్కడ వేలెడు ముక్కలను న్యూట్రానులలో ఉంచి, ఆపైన ద్రవ నత్రజని చలిలో లాగి, అదిమి చూశారు. ఐటర్ యంత్రం 30,000 మార్లు వెలిగి ఆరవలసినది కనుక, ఒక్కసారి లాగడంతో సరిపుచ్చక వేలసార్లు లాగి వదలి పరీక్షించారు. అంతవరకు వాడుకలో ఉన్న ఎపాక్సీలు ఆ మోతాదుకు పొరల పట్టును చాలావరకు పోగొట్టుకున్నవి.

దారి చూపినది సయనేటు ఎస్టరు అనే మరొక రెజిన్. జర్మనీలోని బేయరు సంస్థలో 1960ల దశకంలో రూపొందిన పదార్థం అది. దాని అణువులు మూడేసి కలిసి దృఢమైన వలయాలుగా ఏర్పడతవి. బెంజీను వలయాలు కాపాడతవన్న వెనుకటి పాఠానికి ఇది కొనసాగింపు. కాని దాని వెల హెచ్చు. పైగా గట్టిపడేటప్పుడు అది విపరీతంగా వేడిని పుట్టిస్తుంది. పెద్ద రాశిలో అయితే అదుపు తప్పి కాలిపోయే ప్రమాదమున్నది. అందుచేత దానిని ఎపాక్సీతో కలిపి చూశారు. నలభై పాళ్ళు సయనేటు ఎస్టరు, అరవై పాళ్ళు ఎపాక్సీ కలిపిన జిగురు ఆ మోతాదు తరువాత కూడా పొరల పట్టును చాలావరకు నిలుపుకున్నది. పలుచగా ఉండి సందులలోకి చక్కగా పారినది. బోరాను లేని గాజునారతో ఈ జిగురును జతచేసి ఆ అయస్కాంతాలకు వాడినారు.

పద్దెనిమిది అయస్కాంతాలూ 2023 చివరికి కాదరాష్ చేరినవి. వాటన్నిటినీ కడుపులో పెట్టుకునే సుమారు 3,800 టన్నుల ఉక్కు పాత్ర మన దేశం వంతు. దాని భాగాలు గుజరాత్‌లోని హజీరాలో తయారై ఓడలమీద ఫ్రాన్సు చేరినవి. 2024లో సవరించి ప్రకటించిన ప్రణాళిక ప్రకారం ఆ యంత్రంలో పూర్తిస్థాయి సంలీన ప్రయోగాలు 2039లో ఆరంభం కావలె. ఆ పొరకు నియమించిన న్యూట్రానులన్నిటినీ ఇంతవరకు భరించి చూసినవి వియన్నాలోని ఆ వేలెడు ముక్కలే.